బ్యాటరీ బాకా

పొదుపు మొదలైన ఏడాది సైన్యంలో మొదట తగ్గింది బూట్ల పాలిష్. ఆ తరువాత శిక్షణకిచ్చే తూటాలు, ఆ తరువాత మనుషులు. జనరల్ గారి గదిలో తివాచీ మాత్రం తగ్గలేదు. పాతదాని కింద దుమ్ము చేరిందని చెప్పి కొత్తది వేశారు. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె తప్పదు మరి.

మనుషుల వంతు వచ్చినప్పుడు ముందు బ్యాండు మీద పడ్డారు. వాయిద్యాలతో ఎవరూ యుద్ధం గెలవలేదని పొదుపు కమిటీ కనిపెట్టింది. ఇంత గొప్ప సంగతి అంతకుముందు ఎవరికీ తట్టనందుకు కమిటీ సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. డోళ్ళు ఒక హోటలు వాళ్ళు కొనుక్కుపోయారు. స్వరాలు రాసిన నొటేషను కాగితాలు పెట్టుకునే ఇనప స్టాండ్లు పక్క ఆఫీసు గుమస్తాలకు తడి గొడుగులు ఆరేసుకోవడానికి పనికొచ్చాయి. బ్యాండు గది గోడ మీద వాయిద్యాలు వేలాడిన చోట వాటి ఆకారాలు తెల్లగా మిగిలిపోయాయి. ఆ తెల్లటి ఆకారాల కింద ఒక కుర్చీ, ఆ కుర్చీలో బ్యాండు మాస్టారు.

మాస్టారిని ఉంచడానికి కారణం ఉంది. సైనిక అంత్యక్రియలు నడిపించే బాధ్యత ఆయనదే. మనుషుల్ని ఇంటికి పంపినంత తేలిగ్గా చావుల్ని ఇంటికి పంపడం కమిటీకి కుదరలేదు. మాస్టారు డిగ్రీ చదివి సైన్యంలో చేరిన మనిషి. గొంతెత్తి ఎరగరు. ముందు పళ్ళు రెండూ పోయి కట్టుడు పళ్ళు వచ్చాక బ్యూగిలు బాకా ఊదడం మానేశారు. అది ఊదాలంటే పెదవి వెనక సొంత పన్ను ఉండాలి. చివరి ఊదుడువాణ్ణి ఎండాకాలంలో ఇంటికి పంపించేశారు. వర్షాకాలం మొదలయ్యేసరికి, సమాధి దగ్గర వీడ్కోలు పిలుపు ఊదడానికి సైన్యం మొత్తం మీద ఒక్క మూతి కూడా మిగల్లేదు.

అప్పుడు కర్నల్ గారు సమావేశం పెట్టాడు.

ఈ కర్నల్ పొదుపు విభాగానికి అధిపతి. మాస్టారికి స్వయానా బావమరిది, చనిపోయిన భార్యకు తమ్ముడు. ఆఫీసులో బావ బావమరిదికి సెల్యూట్ కొట్టాలి. ఇంట్లో బావమరిది బావ ముందు కాలు మీద కాలు వేసుకోడు. ఇద్దరూ ఇన్నేళ్ళుగా ఈ రెండు మర్యాదల మధ్య గుమ్మం తగలకుండా నడుస్తున్నారు.

బల్ల మీద తళతళలాడే బ్యూగిలు ఒకటి పెట్టాడు కర్నల్. దాని వెడల్పాటి మూతిలోకి నల్లటి గొట్టం ఒకటి దూర్చాడు.

"దీని పేరు గౌరవ ధ్వని పరికరం. లోపల స్పీకరు, బ్యాటరీ ఉంటాయి. ఈ మీట నొక్కి, ఎత్తి పెదవులకు ఆనించుకుంటే చాలు. దేశంలోకెల్లా గొప్ప విద్వాంసుడు ఊదిన పిలుపు అందులో రికార్డయి ఉంది. తప్పు స్వరం రాదు, జలుబు చేయదు, సెలవడగదు."

"మరి ఊదేదెవరు సార్?" అని మాస్టారు అడిగారు.

"ఊదుతున్నట్టు ఎవరో ఒకరు నిలబడతారు."

గదిలో నలుగురు నవ్వారు. పై అధికారి మాట్లాడాక నవ్వడానికి పొదుపు వర్తించదు.

"కుటుంబం వాళ్ళు అడిగితే?"

"ఎవరడుగుతారండీ? వాళ్ళ ఏడుపు వాళ్ళది."

"ఏడ్చేవాళ్ళే అడుగుతారు సార్."

"అడిగితే మనవాడే ఊదాడని చెప్పాలి. అది ఉత్తర్వు." కర్నల్ పరికరంతో వచ్చిన సూచనల పత్రం తీసి చదివాడు. "మరీ ముఖ్యంగా, నిలబడినవాడు బుగ్గలు నిండుగా పూరించవలెను."

మాస్టారికి ఇది కాస్త ఎక్కువైంది. "ఊదేవాడి బుగ్గలు ఉబ్బవు సార్. గాలి పొట్టలోంచి వస్తుంది. బుగ్గలు ఉబ్బాయంటే ఊదడం రాదని."

"చూసేవాళ్ళకి అది తెలీదు కదా బావా!"

 కర్నల్ చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారు ఆ మాట వినపడనట్టు తన టోపీ అంచు సర్దుకున్నారు. ఆ పూట ఆ గదిలో ఒకరు మరొకరికి చేసిన మేలు అదొక్కటే.

*

సెలవు రోజున కర్నల్ మామూలు బట్టల్లో మాస్టారి క్వార్టరుకు వచ్చాడు. బూట్లు గుమ్మం బయట విడిచి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి, టీకి నీళ్ళు తనే పడేశాడు. అక్క పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో టీ పెట్టేది అతనే. బావ పెట్టే టీ రెజిమెంటు బూట్లు కడిగిన నీళ్ళలా ఉంటుందని అతని నమ్మకం.

"ఒప్పుకో బావా. నువ్వు కాదంటే ఈ పని మొత్తం కాంట్రాక్టు కంపెనీకి పోతుంది. శవపేటిక మోయడానికి కూడా రోజు కూలీలే వస్తారు. అద్దె యూనిఫారాలు వేసుకుని. అది బాగుంటుందా?"

"అది బాగోదు. ఇదీ బాగోదు."

"రెండూ బాగోనప్పుడు తక్కువ బాగోనిది తీసుకోవాలి. దాన్నే పరిపాలన అంటారు."

"దాన్ని పరిపాలన అంటారని నీకెవరు చెప్పారురా?"

"నేనే చెప్పుకున్నా. ఎవరూ చెప్పకపోతే మనమేగా చెప్పుకోవాలి." కర్నల్ టీ వడపోస్తూ నవ్వాడు. "అక్క నిన్ను చేసుకుంటానన్నప్పుడు కూడా చెప్పా, ఈయనకి బాకా ఊదడం తప్ప ఇంకేం రాదక్కా అని. వినలేదు. మా ఇంట్లో జరిగిన మొదటి దుబారా అదే."

"నీకు బాకా ఊదడం నాకంటే బాగా వచ్చు. కాకపోతే నువ్వు జనరల్ గారి పక్కన నిలబడి ఊదుతావు."

కర్నల్‌కి ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అయినా టీ గ్లాసు బావ చేతికి అందేటట్టు, వేడి తగలకుండా పైఅంచు పట్టుకునే ఇచ్చాడు. "మూడేళ్ళు ఓపిక పట్టు. మంచిరోజులొస్తే మళ్ళీ బ్యాండు పెడతారు. అప్పటిదాకా ఈ పని మన సైనికుల చేతుల్లోనే ఉండనీ. అంతే నేనడిగేది."

మాస్టారు టీ తాగి గ్లాసు కింద పెట్టారు. తప్పు పని చెయ్యమన్నప్పుడు కోపం తెచ్చుకోవడం తేలిక. తప్పు పనిని మంచి కారణంలో చుట్టి ఇస్తే, ఆ కారణాన్ని పారేయడానికి మనసొప్పదు. ఆయన ఒప్పుకున్నారు.

*

పరికరం పట్టుకుని నిలబడడానికి మోటారు విభాగం నుంచి ఒక డ్రైవర్ని పంపించారు. లారీలు సగం విడిభాగాలు లేక మూలనపడ్డాయి గనుక డ్రైవర్లకు తీరిక దొరికింది. ఇతన్ని అందరూ గేరు అనేవాళ్ళు. నలభై దాటినవాడు, చెవుల దగ్గర జుట్టు నెరిసినవాడు. బండి తీసే ముందు చుట్టూ తిరిగి, ప్రతి చక్రాన్నీ కాలితో తట్టి, ఏదో ఒక లోపం చెప్పందే కదిలేవాడు కాదు. "ఎడమ అద్దం వదులుగా ఉంది సార్." "చమురు కారుతోంది సార్, పెద్దది కాదు, చుక్కలే." పెళ్ళాం చేసిన కూరలో ఉప్పు గురించి కూడా ఇలాగే చెబుతాడని, అందుకే పెళ్ళాం పుట్టింట్లో ఎక్కువ ఉంటుందని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

గేరు బ్యూగిల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, ఇది బాకా కాదు. టేపు రికార్డరు."

"అవును."

"మరి నేనెందుకు సార్? ఒక మేకు కొట్టి తగిలిస్తే సరిపోదా?"

"మేకుకి బుగ్గలుండవు."

గేరుకి నవ్వొచ్చింది. మాస్టారికి రాలేదు. రెండు వారాలు బ్యాండు గదిలో, ఆ తెల్లటి ఆకారాల కింద, మాస్టారు ఒక మనిషికి ఊదకుండా ఊదడం నేర్పారు. ఊపిరి ఎక్కడ పీల్చినట్టు కనపడాలో, ఛాతీ ఎక్కడ దిగాలో, స్వరం పైకి పోయేటప్పుడు మోచెయ్యి ఎంత లేవాలో నేర్పారు. సూచనల ప్రకారం బుగ్గలు ఉబ్బించడం కూడా నేర్పారు. గేరు చెయ్యి తిరిగిన పనివాడు. త్వరలోనే అచ్చంగా చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకుండా, మద్దెల లేకుండానే ఆడి చూపించాడు.

మొదటి అంత్యక్రియలు ఒక ముసలి సార్జెంటువి. వచ్చినవాళ్ళు పిడికెడు మంది. వాన ఆగి, గడ్డి తడిగా ఉంది. గొయ్యి తవ్విన మనిషి పార దూరంగా పెట్టి, బురద చేతులు వెనక్కి దాచుకుని, వీపు తిప్పి నిలబడ్డాడు. అతనికి ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు, అందుకు ఎవరూ జీతం ఇవ్వరు. పొదుపు కమిటీ కంటపడకపోవడం వల్లనే అది ఇంకా మిగిలింది.

గేరు మీట నొక్కి పరికరం ఎత్తాడు. పిలుపు మోగింది. చాలా గొప్పగా మోగింది. అదే దానితో చిక్కు.

అంతా అయ్యాక, చనిపోయినాయన కూతురు గేరు దగ్గరికి వచ్చింది. బడిలో టీచరు. కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది.

"ఊదింది మీరేనా అన్నయ్యా?"

గేరు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గడ్డి వైపు చూశారు. ఆ రెండు చూపుల మధ్య ఉత్తర్వు ఒక్కటే మిగిలింది.

"నేనేనమ్మా," అన్నాడు గేరు.

"మా నాన్న కుర్రతనంలో ఊదేవాడట. ఆ చివరి స్వరాన్ని అంతసేపు నిలబెట్టడం చాలా కష్టమని చెప్పేవాడు."

"కష్టమేనమ్మా. మీ నాన్నగారి కోసమని నిలబెట్టా."

ఇది ఉత్తర్వులో లేని ముక్క. ఆవిడ గేరు చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "మీ ఊపిరి చల్లగా ఉండాలి," అంది.

  కర్నల్ ఆ సాయంత్రం జనరల్ గారికి ఫోను చేసి, ప్రయోగం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందనీ, కుటుంబ సభ్యులు కన్నీళ్ళు పెట్టుకున్నారనీ చెప్పాడు. చావు ఇంట కన్నీళ్ళు పెట్టించడం కూడా తమ గొప్పే అనుకునే తెలివి ఒక్క పెద్ద ఆఫీసులకే ఉంటుంది.

*

ఆ తరువాత మరికొన్ని చావులు. గేరు ప్రతిసారీ "నేనేనమ్మా" అన్నాడు, "నేనేనయ్యా" అన్నాడు. రానురాను కుటుంబం అడగకుండానే దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. మాస్టారు ఒకటి గమనించారు. అతను ఆ మాట అనేటప్పుడు బుగ్గలు కొంచెం ఉబ్బేవి. నేర్పిన విద్య అలా పట్టుబడింది.

ఒక రోజు ఉదయం, ఫిరంగి దళంలో పనిచేసి చనిపోయిన ఒక పెద్దాయన అంత్యక్రియలకు వెళ్ళాలి. శ్మశానం కొండ కింద ఉంది. దారంతా దిగుడే, పైగా మలుపులు. గౌరవ దళం వాళ్ళు ఎనిమిదిమందీ లారీ వెనక ఎక్కి కూర్చున్నారు. మాస్టారు ముందు సీటు తలుపు తీస్తూ, ఎప్పుడూ అడిగే మాటే అడిగారు.

"బండి ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"బ్రేకులు?"

"బ్రేకులు కూడా బాగున్నాయి సార్."

గేరు బుగ్గలు ఉబ్బాయి.

మాస్టారి చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. గేరు చక్రాలు తట్టలేదని అప్పుడు స్ఫురించింది. బండి చుట్టూ తిరగనూ లేదు. ఎన్ని రోజులైందో ఏ లోపమూ చెప్పక.

"గేరూ, దిగు. ఇటు రా." అతన్ని బండి వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి అడిగారు. "నిజం చెప్పు. బ్రేకులు ఎలా ఉన్నాయి?"

గేరు చక్రాన్ని కాలితో తట్టాడు.

"అరిగిపోయాయి సార్. గట్టిగా తొక్కితే ఎడమ వైపుకి లాగేస్తోంది. వర్క్‌షాపులో చెప్పా. విడిభాగాల్లేవు, ఉన్నదాంతో సర్దుకోమన్నారు. మళ్ళీ చెప్పా. నీకు చాదస్తమన్నారు. మూడోసారి బాగున్నాయని చెప్పా. శభాష్ అని సంతకం పెట్టారు."

"నాకెందుకు చెప్పలేదు? లారీలో ఎనిమిదిమంది ఉన్నారు!"

"మీకా సార్?" గేరు గొంతులో కోపం లేదు. అదే మాస్టారికి భరించరానిదైంది. "శవం ముందు నిలబడి ఆ ఆడమనిషికి అంత అబద్ధం చెప్పా. మీరు పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆవిడ సంతోషపడింది, కర్నల్ సారు సంతోషపడ్డారు. బ్రేకులు బాగున్నాయంటే వర్క్‌షాపు వాళ్ళూ సంతోషపడ్డారు. వినేవాళ్ళు సంతోషపడేదే చెప్పాలేమో అనుకున్నా సార్. ఇక్కడ నిజం, అక్కడ అబద్ధం అని గుర్తుపెట్టుకోవడానికి నేనేమన్నా చదువుకున్నానా?"

 ఒక చిన్న అబద్ధాన్ని చావుల దగ్గర కట్టేశామనుకున్నారు మాస్టారు. అది తాడు తెంపుకుని మోటారు షెడ్డు దాకా వచ్చి, ఇప్పుడు ఎనిమిదిమంది కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఇంకొంచెం మేపితే ఆయుధాగారానికీ వెళ్తుంది. "తుపాకులు బాగున్నాయి సార్" అంటుంది. "సరిహద్దు ప్రశాంతంగా ఉంది సార్" అంటుంది. అన్నీ విన్నాక జనరల్ గారు సంతోషంగా కొత్త తివాచీ మీద నడుస్తాడు.

"అందరూ దిగండి," అన్నారు మాస్టారు. "నడిచి వెళ్దాం."

"ఆలస్యమవుతుంది సార్," అన్నాడొకడు.

"చనిపోయినాయనకి తొందరేం లేదు."

*

గౌరవ దళం దుమ్ము కొట్టుకుపోయి, చెమటలు కక్కుకుంటూ శ్మశానం చేరేసరికి కర్నల్ గేటు దగ్గర పచార్లు చేస్తున్నాడు. ఆ రోజు పరికరం పనితీరు స్వయంగా చూసి నివేదిక ఇమ్మని పైనుంచి చెప్పారు.

"లారీ ఏదీ?"

"బ్రేకుల్లేవు సార్."

"బాగున్నాయని పొద్దున్నే రిపోర్టు వచ్చిందే!"

"పొద్దున్నే బుగ్గలు ఉబ్బించారు సార్."

కర్నల్‌కి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. "సరే సరే, ముందు కానివ్వండి."

చనిపోయినాయన భార్య గొయ్యి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. బాగా పెద్దావిడ. మనవరాలు ఆవిడ భుజం మీద శాలువా జారిపోకుండా పట్టుకుని నిలబడింది. మాస్టారు ఆవిడ దగ్గరికి వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, ముఖం ముఖానికి ఎదురుగా పెట్టి మాట్లాడారు. మనసులో ఉన్నది వాయిదా వేస్తే మళ్ళీ నోరు రాదని ఆయనకి తెలుసు.

"అమ్మా, మా దగ్గర ఊదేవాడు లేడు. ఉన్నవాణ్ణి పంపించేశారు. మా దగ్గరున్నది బ్యాటరీతో మోగే యంత్రం. ఇన్నాళ్ళూ ఒక మనిషిని నిలబెట్టి, అతనే ఊదుతున్నట్టు చూపించాం. మీకు అలా చూపించదలుచుకోలేదు. మోగించమంటే మోగిస్తాం. వద్దంటే మౌనంగా నిలబడతాం. మీ ఇష్టం."

వెనకనుంచి కర్నల్ "మాస్టారూ!" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. గౌరవ దళంలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

 పెద్దావిడ ముఖంలో ముందు వచ్చింది దుఃఖం కాదు, చిరాకు.

"ఈయన ఆ సైన్యానికి ముప్పయ్యేళ్ళు చేశాడు. ఒక మనిషి ఊపిరి ఇవ్వలేకపోయారా మీరు?"

"ఇవ్వలేకపోయామమ్మా."

"సిగ్గు లేదూ?"

"ఉందమ్మా. అందుకే చెబుతున్నా."

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. హాయిగా ఏడ్చుకునేదాన్ని."

మాస్టారు తల వంచుకున్నారు. నిజం చెప్పినందుకు ఎవరైనా తల నిమురుతారని ఆయనేమీ ఆశపడలేదు. కాని ఈ మాటకి సిద్ధపడి రాలేదు. ఆవిడ అన్నది నిజమే. ఆవిడ దగ్గర్నుంచి ఆయన ఒక మంచి ఏడుపు లాక్కున్నారు.

పెద్దావిడ మనవరాలి చెయ్యి ఆసరా చేసుకుని లేచింది. కుర్చీని కాలితో ముందుకు తోసింది.

"ఆయనకి ఫిరంగుల మోతతో చెవులు ఎప్పుడో పోయాయి. మనిషి ఊదినా ఒకటే, మిషను ఊదినా ఒకటే. వినేది నేను. దాన్ని ఈ కుర్చీ మీద పెట్టి మోగించండి. ఆ మనిషిని మాత్రం నాటకాల్లో రాజులాగా నిలబెట్టకండి. అతనూ అందరితో పాటు సెల్యూట్ కొట్టనీ."

గేరు పరికరాన్ని ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, మీట నొక్కి, వెనక్కి అడుగులు వేసి వరుసలో కలిశాడు. కుర్చీ మీంచి పిలుపు మోగింది. ఇత్తడి మూతి ఆకాశం వైపు తిరిగి, ఎవరి పెదవీ లేకుండా, చూడడానికి వెర్రిగా, వినడానికి చక్కగా మోగింది. అందరి చేతులూ నుదుటి దగ్గరున్నాయి. మాస్టారికి అలా చేతులు వణకకుండా నిలబడిన వరుసను చూసి ఎన్నాళ్ళైందో అనిపించింది. మధ్యలో పెద్దావిడ ఏడ్చింది. హాయిగా కాదు, మామూలుగా.

కర్నల్ కూడా సెల్యూట్ కొట్టాడు. ఎదురుగా ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ అని తెలిసి కూడా కొట్టాడు.

*

విచారణ పెట్టారు. గౌరవ కార్యక్రమానికి అంతరాయం, సైన్యం పరువుకు భంగం, ఇంకా ఏవేవో. సైన్యం పరువు ఎక్కడుందో చెబితే అక్కడికెళ్ళి క్షమాపణ అడుగుతానని మాస్టారు అన్నారు. ఆ మాటకు ఇంకో నేరం కలిపారు. ఆఖరికి అంత హడావుడీ అక్కర్లేకుండానే తేలిపోయింది. బ్యాండు మాస్టారి పోస్టునే పొదుపు చేసేశారు. లారీకి బ్రేకులు వేయించలేదు. దానికి తెల్లరంగు వేసి, చక్రాలు తీసేసి, చుట్టూ పూలకుండీలు పెట్టి, ప్రధాన ద్వారం దగ్గర స్మారక చిహ్నంగా నిలబెట్టారు. బ్రేకులతో పనిలేని ఉద్యోగం దానికి దొరికింది. ఆ లెక్కన అది జనరల్ గారితో సమానమే.

గేరు పరికరం పట్టనన్నాడు. గిడ్డంగి కాపలాకి వేశారు. అక్కడ మొదటిరోజే తాళం తుప్పుపట్టిందని రిపోర్టు చేశాడట. మిగతా డ్రైవర్లు కూడా ఒక్కొక్కరికీ ఒక్కో రోగం చెప్పి తప్పుకున్నారు. "నువ్వు తెచ్చిన వస్తువేగా, నువ్వే చూసుకో," అని జనరల్ గారు కర్నల్‌తో అన్నాడు.

మాస్టారు క్వార్టరు ఖాళీ చేసి, ఊరి అవతల మేడమీద ఒక గదిలోకి మారారు. ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుండగా కర్నల్ మెట్లెక్కి వచ్చాడు. యూనిఫారంలోనే వచ్చాడు. బూట్లు మాత్రం మెట్ల కిందే విడిచాడు. ఇద్దరూ విచారణ తరువాత మాట్లాడుకోలేదు. కర్నల్ బకెట్లోంచి తడి చొక్కా తీసి, దులిపి, అందించాడు. మాస్టారు తీగ మీద వేశారు. ఇంకోటి అందించాడు.

"రేపు ఒకటుంది బావా."

"ఎవరు?"

"కుర్రవాడే. శిక్షణలో పోయాడు. తల్లీ తండ్రీ వస్తారు. చెల్లెలు కూడా." కర్నల్ తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు, అది అప్పటికే పిండి ఉన్నా. "నేనే వెళ్ళాలి. ఇంకెవరూ లేరు."

"ఊఁ."

"అది కాదు. ఆ రోజు ఆవిడకి చెప్పావు చూడూ, అది ఎలా చెప్పావు? మాటలు నాకు సరిగ్గా గుర్తులేవు. పద్ధతి ప్రకారం ఒకసారి తెలుసుకుందామని. నివేదిక కోసం."

"నివేదిక కోసమా?"

"ఊఁ. నివేదిక కోసం."

మాస్టారు అతని ముఖంలోకి చూడలేదు. చూస్తే అతను నివేదిక అన్న మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఎవరూ లేనప్పుడు మనిషికి ఆ మాత్రం చాటు ఉంచాలి. దుప్పటి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస అతన్ని పట్టుకోమన్నారు.

"ముందు ఎదురుగా కూర్చో. నిలబడి చెప్పకు."

"సరే."

"'మా దగ్గర ఊదేవాడు లేడు' అని మొదలుపెట్టు."

"'లేడు' అంటే మొరటుగా ఉంటుంది బావా. 'ప్రస్తుత ఆర్థిక పరిస్థితుల దృష్ట్యా నిపుణుల కొరత...'"

"ఒరేయ్."

 గాలికి దుప్పటి ఇద్దరి మధ్యా పొంగింది. దాని అవతలనుంచి, ముఖం కనపడకుండా, కర్నల్ గొంతు సవరించుకున్నాడు.

"మా దగ్గర..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు. "అమ్మా, మా దగ్గర ఊదేవాడు లేడు. వాణ్ణి పంపించేసింది నేనే."

ఆ రెండో మాట మాస్టారు చెప్పింది కాదు.